సవర బొమ్మల వర్క్‌షాపా, సవర పెద్దల మాటా: పిల్లల్ని దేనికి పంపాలి?

సెలవులొస్తే చాలు, శ్రీకాకుళం వాళ్లూ విజయనగరం వాళ్లూ ఇదే అడుగుతారు: మన కొండల్లోనూ ఒడిశా వైపూ ఉండే సవర గిరిజనులు గోడల మీద గీసే బొమ్మలు నేర్పే వర్క్‌షాప్‌కి పిల్లల్ని పంపాలా, మ్యూజియంలో సవర పెద్దలు చెప్పేది వినడానికి పంపాలా అని. నిజానికి చాలామంది వర్క్‌షాపే అని ముందే అనుకుని, నాచేత కూడా అదే అనిపించాలని అడుగుతారు. నా ఓటు మాత్రం మ్యూజియంలో పెద్దలు మాట్లాడే కార్యక్రమానికే, అదీ ఒక షరతు మీద.

వర్క్‌షాప్‌ని తీసిపారేయను. ముందు చుట్టూ అంచు గీసి లోపల నింపుకుంటూ రావడం, రెండు త్రికోణాలతో మనిషిని నిలబెట్టడం పక్కన కూర్చుని కళాకారుడి చేయి చూస్తేనే పట్టుబడతాయి. పదేళ్లలోపు పిల్లలైతే ఆలోచించకుండా దానికే పంపండి, మాటలు వింటూ కూర్చోలేరు. కానీ ఎర్రమట్టి అలికిన గోడ, బియ్యప్పిండి, నలగ్గొట్టిన పుల్ల ఉండాల్సిన చోట అట్టముక్క, యాక్రిలిక్ రంగు, గుడ్డసంచి ఉంటాయి. పూట తిరిగేసరికి బొమ్మ వచ్చేస్తుంది, పిల్లాడికి సవర కళ వచ్చేసిందని మనం మురిసిపోతాం. ముగ్గు పెట్టడం నేర్చుకుని సంక్రాంతి అంతా తెలిసిందనుకోవడమే ఇది.

ఎందుకంటే పాత పద్ధతిలో ఆ బొమ్మ ఇంటికి అలంకారం కాదు. ఇంట్లో జబ్బు చేస్తే, చనిపోయినవాళ్లు ఏదో కోరుతున్నారని తేలితే, పంట బాగా రావాలంటే గోడ మీద వాళ్లకో ఇల్లు గీసి, బియ్యం, కల్లు పెట్టి, పూజారి వాళ్లని అందులోకి పిలుస్తాడు. గిరిజనుల జీవితం మీద పుస్తకాలు రాసిన వెరియర్ ఎల్విన్ 1940లలో ఒడిశా వైపు సవర ఊళ్లలో చూసిన గోడల మీద గుర్రాలు, ఏనుగులతో పాటు సైకిళ్లూ విమానాలూ కూడా ఉన్నాయి. మరి ఆ విమానం ఎవరికోసం? త్రికోణాలు ఏ వీడియో చూసినా వచ్చేస్తాయి, ఈ ప్రశ్నకి జవాబు మాత్రం ఆ ఇళ్లలో పెరిగినవాళ్లే చెప్పాలి. ఒక్కోసారి "అది ఇక్కడ చెప్పకూడదు" అంటారు, అది కూడా పిల్లలు వినాల్సిన మాటే.

ఇక షరతు. వేదిక మీద పెద్దాయనకి శాలువా కప్పి కూర్చోబెట్టి, గంటసేపు మైకు ఇంకో సారు పట్టుకునే కార్యక్రమాలు ఉంటాయి, నేనూ అలాంటిదానికి వెళ్లి పెద్దాయన నోట రెండు ముక్కలు కూడా వినకుండా వచ్చాను. అలాంటిదానికంటే వర్క్‌షాపే నయం, అక్కడ కనీసం ఆయన చెయ్యి చూస్తాం. పెద్దవాళ్లలో కొందరికి మనసులో మాట సవరలో చెప్పుకోవడమే హాయి. సవర ముండా కుటుంబం భాష, తెలుగుతో చుట్టరికం లేదు కాబట్టి సీతంపేట, భామిని వైపు సవర కుర్రాళ్లెవరైనా పక్కనుండి తెలుగులో చెబితేనే పని జరుగుతుంది. (సీతంపేట 2022 నుంచి మన్యం జిల్లాలో ఉంది, నా నోటికి మాత్రం ఇంకా శ్రీకాకుళమే.) ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పటానికి దండ వేస్తాం గానీ, ఆయన ఏళ్ల తరబడి సవర నేర్చుకుని నిఘంటువు రాసిన సంగతి ఎంతమంది తలుచుకుంటాం?

అరకు మ్యూజియం చూపించడం మంచిదే, బొమ్మల కొలువులా చుట్టి వచ్చేస్తారంతే. ఆన్‌లైన్ క్లాసులు, ఏమీ లేనప్పుడు.

ఫీజు కట్టేముందు నిర్వాహకులకి ఫోన్ చేసి అడగండి: మాట్లాడేది ఎవరు, ఏ భాషలో, ప్రశ్నలకి ఎంతసేపు ఇస్తారు, వచ్చిన పెద్దలకి డబ్బు ఇస్తున్నారా లేక శాలువాతోనే సరిపెడుతున్నారా.