ఫైర్ అలారం డిజైన్: ఆన్‌లైన్ టూలా, ఎక్సెల్ షీటా?

కరెంటు పోతే అలారంను నడిపే బ్యాటరీ ఎంత పెద్దది కావాలో లెక్క కట్టడానికి, అలారం తయారీ కంపెనీ ఆన్‌లైన్ టూలే మేలు. ప్రతి డిటెక్టర్, హూటర్ (అలారం మోగించేది) తీసుకునే కరెంటు అందులో ముందే ఉంటుంది. ఎక్సెల్‌లోనైతే డేటాషీట్ చూసి మనమే ఎక్కించాలి. డిటెక్టర్‌కు అర మిల్లీఆంప్ తప్పు పడినా, 100 డిటెక్టర్లకు 24 గంటల్లో 1.2 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యపు కొలత) తేడా. స్టాండ్‌బైలో (అలారం మోగనప్పుడు) 0.25 ఆంప్స్ 24 గంటలు, అలారం మోగినప్పుడు 1 ఆంప్ అరగంట అనుకుంటే 6.5 ఏహెచ్, కొంత మార్జిన్ కోసం 1.25తో గుణిస్తే 8.125. అంటే 7 ఏహెచ్ బ్యాటరీ చాలదు, అంతకంటే పెద్దది కావాలి.

డిటెక్టర్ల సంఖ్యకు మాత్రం ఎక్సెల్, డ్రాయింగే దిక్కు. టూల్ ఏ దేశపు కోడ్‌తో లెక్క కడుతుందో ముందు చూడండి; చెన్నైలో మనకు ఐఎస్ 2189 (ఫైర్ అలారంల భారతీయ ప్రమాణం), ఎన్‌బీసీ 2016 (జాతీయ భవన నిర్మాణ కోడ్) ముఖ్యం. పైగా లోతైన దూలాలు, ఏసీ గాలి టూల్‌కు కనిపించవు. వంటగదిలో స్మోక్ డిటెక్టర్ పెట్టేస్తే రోజూ ఉత్తుత్తి అలారమే. అక్కడ హీట్ డిటెక్టర్ పెట్టాలి.