యాభై రూపాయల లోపు లిథియం చార్జర్ బోర్డు: కొనొచ్చు, 122 రెసిస్టర్ సంగతి చూసుకుంటే

తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ కొట్టుకెళ్ళి లిథియం చార్జర్ బోర్డు అడిగితే ఎక్కువగా చేతిలో పెట్టేది టీపీ4056 అనే చార్జింగ్ చిప్ ఉన్న నీలం బోర్డే. ఎస్వీ యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టుల్లో ఇదే, రిపేరుకొచ్చే బ్లూటూత్ స్పీకర్లలో ఇదే. చిప్ మంచిదే. సెల్ 2.9 వోల్టుల కంటే పడిపోయి ఉంటే మొదట పదో వంతు కరెంటే ఇస్తుంది, 4.2 వోల్టుల దగ్గర నిలబెడుతుంది. పేచీ అంతా బోర్డు మీద ముందే వేసి ఇచ్చే 1.2కె (1.2 కిలో ఓమ్‌ల) రెసిస్టర్‌తో.

దాని మీద 122 అని రాసి ఉంటుంది. చార్జింగ్ కరెంటును ఒక ఆంపియర్‌కు పెట్టేది అదే. ఇది లీనియర్ చార్జర్ కాబట్టి మిగిలిన వోల్టేజీ అంతా వేడిగా పోవాల్సిందే. 5 వోల్టులు లోపలికొస్తూ సెల్ 3.2 దగ్గరుంటే 1.8 వాట్లు ఆ చిన్న చిప్ మీదే. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, రేకుల షెడ్డులో, ప్లాస్టిక్ డబ్బా లోపల పెడితే చిప్ తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది. "చార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతోంది" అనే ఫిర్యాదుకు ఒక కారణం ఇదే. 122 తీసి 2కె వేయండి, సుమారు 580 మిల్లీ ఆంపియర్లు వస్తాయి, వేడి దాదాపు సగానికి దిగుతుంది. 500 ఎంఏహెచ్ పౌచ్ సెల్‌కైతే 4.7కె లేదా 5కె వేయాలి, 250 చాలు. పైగా ఈ బోర్డుల్లో టెంపరేచర్ పిన్‌ను గ్రౌండ్‌కు కలిపేసి ఉంటారు, అంటే సెల్ ఎంత కాలుతోందో చార్జర్‌కు తెలియదు. 45 డిగ్రీలు దాటిన సెల్‌ను చార్జింగ్‌కు పెట్టకూడదన్న జాగ్రత్త మనదే.

చార్జింగ్ నడుస్తోందని చెప్పే ఎర్ర లైటు, నిండిందని చెప్పే నీలానికి ఎంతకీ మారడం లేదా? బోర్డును తిట్టేముందు లోడు, అంటే సెల్ నుంచి కరెంటు వాడుకునే పరికరాన్ని, విప్పి చూడండి. పెట్టిన కరెంటులో పదో వంతుకు పడితేనే చిప్ చార్జింగ్ ఆపుతుంది. ఒక ఆంపియర్ సెట్టింగులో అది 100 మిల్లీ ఆంపియర్లు. స్పీకరో వైఫై బోర్డో 150 లాగుతూ ఉంటే ఆ గీత ఎన్నటికీ తగలదు, సెల్ గంటల తరబడి 4.2 దగ్గరే వేలాడుతుంది. మందు తేలికే, యూఎస్‌బీ పెట్టినంతసేపు లోడుకు కరెంటు సెల్ నుంచి కాక నేరుగా యూఎస్‌బీ నుంచే వెళ్ళేలా చేయడం: స్విచ్‌లా పనిచేసే ఒక పీ-చానల్ మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్, డ్రెయిన్ కాలు బ్యాటరీ వైపు, సోర్స్ కాలు లోడు వైపు. గేటును యూఎస్‌బీ 5 వోల్టులకు కలిపి, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 100కె వేయాలి. 5 వోల్టుల నుంచి లోడుకు ఒక షాట్కీ డయోడ్, 1ఎన్5819 సరిపోతుంది.

దీనికి ఉల్టా రోగం, పెట్టిన పది నిమిషాలకే నీలం వెలగడం, కాసేపటికి మళ్ళీ ఎరుపు. పాత ల్యాప్‌టాప్ ప్యాక్ నుంచి తీసిన 18650 గుండ్రటి సెల్స్‌తో ఇది మామూలే. లోపలి రెసిస్టెన్స్ పెరిగిన సెల్ వోల్టేజీ వెంటనే పైకి లేచి, కరెంటు ఆగగానే 4.05 కిందికి జారుతుంది, చిప్ మళ్ళీ మొదలెడుతుంది. తప్పు సెల్‌ది, బోర్డుది కాదు.

సెల్ సోల్డర్ చేశాక అవుట్‌లో వోల్టేజీ సున్నా చూపిస్తే కంగారొద్దు, ఒక్కసారి యూఎస్‌బీ పెడితే సెల్‌ను కాపాడే ప్రొటెక్షన్ చిప్ మేలుకొంటుంది. అయితే లోడు మైనస్‌ను అవుట్ మైనస్‌కు కాకుండా సెల్ కలిపే బీ మైనస్‌కు కలిపేశారంటే ఆ ప్రొటెక్షన్ ఉన్నా లేనట్టే. సెల్ ప్లస్, మైనస్ తారుమారైతే మాత్రం చిప్ పోయినట్టే, రివర్స్ రక్షణ లేదు.

టైప్-సీ బోర్డు కొంటుంటే సాకెట్ పక్కన 512 అని ఉన్న రెండు రెసిస్టర్లు వెతకండి. అవి లేకపోతే రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో చార్జింగే మొదలవదు, పాత యూఎస్‌బీ-ఏ కేబులే గతి. సన్న కేబుల్ కూడా వద్దు. చార్జింగ్ నడుస్తుండగా ఇన్ ప్యాడ్ల దగ్గర మీటర్ పెట్టి, 4.6 కంటే తక్కువ చూపిస్తే కేబుల్ మార్చండి.

రెండు సెల్స్ సిరీస్‌లో ఉన్న ప్యాక్‌కు ఇది పనికిరాదు. 3.65 దగ్గర ఆపాల్సిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌కు అసలే పెట్టొద్దు.