బొంత కుట్టాక దారపు కొసలు: కత్తిరించాలా, లోపల దాచాలా?

విశాఖ చలికి బొంత ఎందుకని ఇంట్లో నవ్వారు. డిసెంబరు తెల్లవారుజామున చూద్దాం అన్నాను. అమ్మ పాత చీరల ముక్కలు పైన, దూది పొర మధ్యన, దుప్పటి అడుగున పరిచి మిషన్ ఎక్కించాను. కుట్టు బాగానే వచ్చింది కానీ ప్రతి వరుసకూ మొదటా చివరా కొసలు వేలాడుతున్నాయి.

వెనక్కీ ముందుకీ కుట్టి తెంచేయమంది పక్కింటి అక్క. జాకెట్టుకైతే సరే, ఆ కుట్టు లోపలి వైపు ఉండిపోతుంది. బొంతకు రెండు ముఖాలూ కనిపిస్తాయి, పైగా ఒకే చోట మూడుసార్లు దారం పడి గడ్డ కడుతుంది. ఆ పద్ధతి వదిలేశాను.

రెండోది చిన్న కుట్లు. కుట్టు పొడవును బాగా తగ్గించి పావు అంగుళంలో ఎనిమిది పది కుట్లు వేసి, మామూలు పొడవుకు వచ్చి, చివర మళ్లీ అలాగే ముగించి కొస కత్తిరించడం. పువ్వుల చీర మీద అవి ఎక్కడున్నాయో నాకే దొరకలేదు. లేత పసుపు ముక్క మీద ఎర్ర దారంతో వేస్తే మాత్రం చుక్క పెట్టినట్టు కనిపించాయి. తప్పు పడిందా, విప్పడం నరకమే.

మూడోది దాచడం. సూదిని ఒకసారి దించి ఎత్తి పై దారాన్ని మెల్లగా లాగితే బాబిన్ (మిషన్ అడుగున ఉండే చిన్న దారపు చుట్ట) దారం ఉచ్చులా పైకొస్తుంది. రెండు కొసలూ పట్టుకుని మొదటి కుట్లు వేస్తే అడుగున దారం గూడు కట్టదు. అయిదారు అంగుళాలు వదిలి, రెంటినీ కలిపి బట్టకు దగ్గరగా ముడి వేయాలి. చేతి సూదికి ఎక్కించి, దారం బయటికొచ్చిన రంధ్రంలోనే దించి, అడుగు బట్టకు తగలకుండా దూదిలో అంగుళం నడిపించి పైకి తీయాలి. చిన్నగా గుంజితే ముడి టప్పున లోపలికి జారుతుంది. మిగిలిన దారం కత్తిరిస్తే ఆనవాలు ఉండదు. (సముద్రపు గాలికి మా ఇంట్లో సూదులు త్వరగా తుప్పు పడతాయి, ముందు పనికిరాని గుడ్డలో గుచ్చి చూసుకుంటాను.)

ఒక్కో కొసకు రెండు నిమిషాలు. ఎనభై కొసలకు రెండున్నర గంటలు దాటుతుంది. కన్ను దగ్గర చీలిక ఉన్న సూది ఉంటే దారాన్ని పైనుంచి నొక్కితే చాలు, కొంత సమయం కలిసొస్తుంది.

అంచు నుంచి అంచుకు పోయే వరుసలకు ఇవేవీ అక్కర్లేదు, కొసలు అంచు పట్టీ కిందికి పోతాయి. దారం బట్ట రంగులో కలిసిపోయిన చోటల్లా చిన్న కుట్లే వేశాను. అమ్మ పసుపు చీర కొంగు చుట్టూ మాత్రం ఆ చుక్కలు విప్పేసి, ఒక్కో కొసనూ సూదితో దాచాను.