టెస్ట్ గ్యాస్ సంచి: మూడేళ్లు వాడాక

పీఐడీ మీటరు (గాలిలో ద్రావకాల ఆవిర్లని అతినీలలోహిత ల్యాంపుతో పసిగట్టే పరికరం) వాడేవాళ్లకి దాన్ని కాలిబ్రేట్ చేసే, అంటే రీడింగ్ సరిచేసే, ఐసోబ్యూటిలీన్ గ్యాస్ సిలిండర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నేను చెప్పేది గ్యాస్ నింపే సంచి, అదే గ్యాస్ శాంపిలింగ్ బ్యాగ్ గురించి. పరవాడలో మా యూనిట్‌లో మూడేళ్లుగా వారం వారం మీటరుని పరీక్షించే టెస్ట్ గ్యాస్ ఇందులోనే కలుపుతున్నాను. నాకు ఇదంటే ప్రాణం.

మా దగ్గర లీకయితే లీకయ్యేది టోలుయిన్ అనే ద్రావకం. మరి మీటరుకి దాన్నే చూపించాలి కదా! సంచిలో 10 లీటర్ల జీరో ఎయిర్ (ఏ ఆవిర్లూ లేని శుభ్రమైన గాలి) నింపి, మైక్రో సిరంజితో 4.3 మైక్రోలీటర్ల టోలుయిన్ ఎక్కిస్తే, 25 డిగ్రీల దగ్గర దాదాపు 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద) వస్తుంది. అది చుక్క కూడా కాదు, సూది మొనన చెమ్మ. ఫ్యూమ్ హుడ్‌లో పెట్టి, సంచిని రెండు చేతులా మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉంటే కాసేపటికి కలిసిపోతుంది. మీటరులోది 10.6 ఈవీ (కాంతి శక్తి) ల్యాంపు, దానికి టోలుయిన్ ఫ్యాక్టర్ 0.5; రీడింగ్‌ని దీంతో గుణిస్తే అసలు టోలుయిన్ ఎంతో తెలుస్తుంది. అంటే ఐసోబ్యూటిలీన్ మీద కాలిబ్రేట్ చేసిన మీటరు 200 దరిదాపుల్లో చూపించాలి. మొదటిసారి 196 కనబడితే ఎంత సంబరపడ్డానో!

కిందటి ఆగస్టులో అదే మీటరు 130 దగ్గర ఆగిపోయింది. వానాకాలం కదా, తేమ అనుకున్నాను. ల్యాంపు విప్పి మిథనాల్‌తో తుడిచి, ఆరబెట్టి మళ్లీ పెట్టాను. 128. సెన్సార్ పోయిందేమోనని ఒకటే టెన్షన్. చివరికి సిలిండర్ తగిలిస్తే 100కి 99 చూపించింది! మీటరు బాగానే ఉంది. అనుమానమొచ్చి, సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టు సంచిని బకెట్ నీళ్లలో ముంచి నొక్కాను. సూది గుచ్చే రబ్బరు బిళ్ల దగ్గర సన్నగా బుడగలు. అక్కడే గుచ్చీ గుచ్చీ చిల్లు పడింది. పైగా ఆ గ్యాస్ ముందు రోజు సాయంత్రం కలిపి పెట్టింది.

అప్పట్నుంచి ఏ పూటకా పూటే కలుపుతున్నాను, బిళ్ల నెలనెలా మారుస్తున్నాను. ఒకప్పుడు సిలిండర్ దండగని మావాళ్లతో వాదించాను. ఇప్పుడు ఆ మాట అనను. కాలిబ్రేషన్ దానితోనే, సంచి సరిచూసుకోవడానికే.

మాది టోలుయిన్ కాబట్టి ఇంత నమ్మకంగా చెబుతున్నాను. మిథనాల్ వాడేవాళ్లయితే సంచి ఎంత శ్రద్ధగా కలిపినా లాభం లేదు. దాని అయనీకరణ శక్తి (అణువు నుంచి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టడానికి కావలసిన శక్తి) 10.85 ఈవీ, ల్యాంపు 10.6 కంటే ఎక్కువ; అందుకే ఈ ల్యాంపుకి అది కనబడదు.