పెరటిలో మిన్నల్లులు, పిడుదులు: సహజ పద్ధతులను ఏళ్ల తరబడి వాడి చూశాక

కుక్కలను పెంచే ఇళ్లలో మిన్నల్లులనూ (ఫ్లీలు) పిడుదులనూ (టిక్‌లు) రసాయన మందులు చల్లకుండానే అదుపు చేయవచ్చని చెప్పే పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిలో డయాటమేషియస్ ఎర్త్ (సూక్ష్మ నాచుల శిలాజాల నుంచి వచ్చే) పొడిని, వేపనూనెను, దేవదారు చెక్కపొట్టును, మేలుచేసే నెమటోడ్లను (నేలలో బతికే అతిచిన్న నులిపురుగులను) నేను కొన్నేళ్లుగా ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ వాడుతూ వచ్చాను. మిన్నల్లుల మీద ఇవి నిజంగా పనిచేశాయి. పిడుదుల విషయంలో మాత్రం చల్లిన మందులకన్నా పూడ్చిన పగుళ్లే ఎక్కువ మేలు చేశాయి.

కుక్క ఒంటిమీద గంతులు వేస్తూ కనిపించేవి మొత్తం మిన్నల్లులలో చాలా చిన్న భాగం. వాటి గుడ్లు బొచ్చులో నిలవక, కుక్క పడుకున్న చోటల్లా రాలిపోతాయి. వాటినుంచి వచ్చే లార్వాలు (పిల్లపురుగులు) వెలుతురుకు దూరంగా, తేమ ఉన్న నీడలో, పెద్ద మిన్నల్లుల విసర్జనలోని ఎండిన రక్తాన్ని తిని పెరుగుతాయి. కాబట్టి ఎండ బాగా తగిలే పచ్చికంతటా మందు చల్లడం వృథా. మెట్ల కింద, పొదల మొదట్లో, కుక్క మధ్యాహ్నం పడుకునే గుంటలో చూడాలి. తెల్ల సాక్సులు వేసుకుని ఆ చోట్ల నెమ్మదిగా నడిస్తే, మిన్నల్లులు ఉన్నచోట నల్లటి చుక్కలు చీలమండ దగ్గరికి ఎగిరి అంటుకుంటాయి. కుక్క బొచ్చును సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడి తెల్లకాగితం మీద వేస్తే, వాటి చుట్టూ ఎర్రగోధుమరంగు మరక పాకుతుంది; అది మట్టి కాదు, మిన్నల్లుల విసర్జన.

నాలుగింటిలో నేను అన్నిటికన్నా మెచ్చుకున్నది స్టైనర్నెమా కార్పోక్యాప్సే అనే నెమటోడ్లను. కంటికి ఆనని ఈ పురుగులు నేలలోని లార్వా శరీరంలోకి దూరి, తమతో తెచ్చిన బ్యాక్టీరియాను వదిలి, ఒకటి రెండు రోజుల్లో దాన్ని చంపుతాయి. అయితే ఎండ తగిలితే ఇవే చనిపోతాయి కనుక, సాయంకాలం నేలను ముందుగా తడిపి, నీళ్లలో కలిపి చల్లి, ఆ తర్వాత కొన్నాళ్లపాటు తేమ ఆరకుండా చూడాలి. మొదటి రోజుల్లో ఫలితమేమీ కనిపించకపోతే నిరాశపడనవసరం లేదు. లార్వా దశ దాటి గూడు కట్టుకున్న ప్యూపాలు నెలల తరబడి అలాగే ఉండి, అడుగుల అదురు, శరీరపు వెచ్చదనం, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగలగానే ఒక్కసారిగా బయటికి వస్తాయి. కొన్నాళ్లు మూసి ఉంచిన ఇంటికి తిరిగి రాగానే మిన్నల్లులు విరుచుకుపడటానికి కారణం ఇదే.

డయాటమేషియస్ ఎర్త్ పురుగు పైపొరలోని మైనాన్ని పీల్చి, ఒంట్లోని తేమ ఆరిపోయేలా చేస్తుంది. పొడిగా ఉన్నంతవరకే దాని శక్తి. ఒక్క వాన పడితే పనికిరాదు. ఆరుబయట చల్లితే తేనెటీగలకూ హాని చేస్తుంది కాబట్టి, నేను దాన్ని కుక్క గూటి లోపల, చెక్కల సందుల్లో మాత్రమే పలుచగా వేస్తాను. వేసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఈత కొలనుల ఫిల్టర్లలో వాడే రకంలో స్ఫటిక సిలికా ఎక్కువగా ఉండి ఊపిరితిత్తులకు ప్రమాదకరం కనుక దాన్ని ఎప్పుడూ కొనకూడదు. వేపనూనె ఎండకు త్వరగా విరిగిపోతుంది, పదేపదే చల్లాలి. దేవదారు పొట్టు వాసన ఉన్నన్నాళ్లూ కొంత దూరం పెడుతుంది, అంతకుమించి ఆశించలేం.

ఇక పిడుదులు. పొదల అంచున, పొడవాటి గడ్డి కొసల మీద కాచుకుని ఉండే రకాలకు గడ్డి కత్తిరించడం, రాలిన ఆకులు ఊడ్చేయడం, పచ్చికకూ పొదలకూ మధ్య 3 అడుగుల వెడల్పున కంకర పరవడం బాగా ఉపకరిస్తాయి. కుక్కలను ఎక్కువగా పట్టే గోధుమరంగు పిడుదు తీరు వేరు. రక్తం తాగి ఆముదం గింజల్లా ఉబ్బిన ఆడవి కుక్కను వదిలి, గోడలెక్కి, పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడతాయి. కుక్క గూటి వెనుక గోడకు టార్చి వేసి చూసినప్పుడు, గిలాబా ఊడిన సన్నని చీలికలో అవి వరుసగా ఇరుక్కుని కనిపించాయి. ఆ పగుళ్లను సిమెంటుతో పూడ్చి, గూటి చెక్కల సందులు మూయించిన తర్వాతే వాటి సంఖ్య గట్టిగా తగ్గింది. దొరికిన పిడుదును వేళ్లతో నలపకుండా, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగి, స్పిరిట్‌లో వేయాలి.

సహజమైనదంతా క్షేమం అనుకోవడానికి వీల్లేదు. వెల్లుల్లి కుక్కలకూ పిల్లులకూ విషమే. టీ ట్రీ ఆయిల్ ఒంటికి రాస్తే రెండింటికీ ప్రాణాపాయం కలగవచ్చు. పైగా గోధుమరంగు పిడుదు కుక్కలకు ఎర్లికియా, బబీసియా వంటి జ్వరాలను అంటిస్తుంది. అందువల్ల పెరటిపని ఎంత బాగా సాగుతున్నా, పశువైద్యులు సూచించిన పిడుదుల మందును మా కుక్కలకు వేళకు వేస్తూనే ఉన్నాను, ఇకముందూ వేస్తాను.