మందు మానడానికి మీటింగులు: చాలాకాలం వెళ్లాక నా అభిప్రాయం

కొన్నేళ్లుగా, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా ఉండే ఆల్కహాలిక్స్ అనానిమస్ (అందరూ ఏఏ అంటారు) మీటింగులకు వెళ్తున్నాను. తాగుడు మానడానికి సాయపడే మరో సంస్థ, స్మార్ట్ రికవరీ వాళ్ల ఆన్‌లైన్ మీటింగుల్లో కూడా కొంతకాలం కూర్చున్నాను. "అవి నిజంగా పనిచేస్తాయా?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: పనిచేస్తాయి, కానీ మీకు సరిపడే గ్రూపు దొరకాలి. అది మొదటి రోజే దొరక్కపోవచ్చు.

పేరు ఒకటే అయినా ఏ రెండు గ్రూపులూ ఒకేలా ఉండవు. ఏఏలో ప్రతి గ్రూపూ తన వ్యవహారం తానే చూసుకుంటుంది. నడిపేవాళ్లు కూడా ఒకప్పుడు తాగి మానినవాళ్లే. నేను మొదట వెళ్లిన చోట ఇద్దరు సీనియర్లే గంటసేపూ మాట్లాడేవారు, కొత్తవాళ్ల వంతు వచ్చేసరికి టైమ్ అయిపోయేది. వేరే రోజు జరిగే ఇంకో గ్రూపుకి వెళ్తే మనిషికి ఐదు నిమిషాలే ఇచ్చారు, అందరూ చెప్పింది శ్రద్ధగా విన్నారు. అందుకే కనీసం నాలుగైదు చోట్ల కూర్చుని చూశాకే ఒక అభిప్రాయానికి రండి.

వెతకడానికి ఏఏ వెబ్‌సైట్లు, మీటింగ్ గైడ్ అనే ఉచిత యాప్ ఉన్నాయి. చిరునామా, టైమ్ దొరుకుతాయి గానీ కొన్ని వివరాలు పాతబడి ఉంటాయి. తలుపు తాళం చూసి వెనక్కి వస్తే మళ్లీ బయల్దేరడం చాలా కష్టం కాబట్టి ముందే ఫోన్ చేయండి. ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అని కూడా అడగండి. ఓపెన్ అయితే ఎవరైనా రావచ్చు, ఇంట్లోవాళ్లను తోడు తెచ్చుకోవచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉండి, మానాలనుకునేవాళ్లకే. నోరు విప్పాలంటే టెన్షన్‌గా ఉంటే స్పీకర్ మీటింగుతో మొదలుపెట్టండి. అక్కడ ఒకరిద్దరు తమ కథ చెబుతారు, మీరు వింటే చాలు.

మామూలు మీటింగులో కూడా మాట్లాడి తీరాలని లేదు. "ఈ రోజు వింటాను" అంటే ఎవరూ బలవంతపెట్టరు. ఇంటిపేరు అడగరు. ఫీజు లేదు. చివర్లో విరాళం కోసం డబ్బా తిప్పుతారు, వేయకపోయినా పర్లేదు. మానాలన్న కోరిక తప్ప సభ్యత్వానికి వేరే అర్హత అక్కర్లేదు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో సలహా ఇవ్వకూడదన్న పద్ధతి నాకు బాగా నచ్చింది. ఇంట్లో, బయట సలహాలు విని విసిగిపోయిన మనిషికి అది పెద్ద ఊరట.

నన్ను నిలబెట్టింది మాత్రం మీటింగు అయ్యాక గడిపే సమయం. కుర్చీలు సర్దుతూ మాట్లాడుకుంటాం, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటాం. సాయంత్రం తాగాలని గట్టిగా అనిపించినప్పుడు ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉండటం ఎంత ధైర్యమో చెప్పలేను. "ఇప్పుడు ఎక్కడున్నావు? ఏమైనా తిన్నావా?" అని మా స్పాన్సర్ అడిగే రెండు ప్రశ్నలతోనే సగం వేడి దిగేది. స్పాన్సర్ అంటే మనకంటే ముందు మాని, మన చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి. ఆడవాళ్లకు ఆడవాళ్లు, మగవాళ్లకు మగవాళ్లు ఉండటం మంచిదని చెబుతారు. అది పాటించండి. కొత్తవాళ్ల బలహీన స్థితిని వాడుకునేవాళ్లు ఏ గుంపులోనైనా ఉండొచ్చు. ఎవరి తీరైనా ఇబ్బందిగా అనిపిస్తే వెంటనే గ్రూపు మార్చండి.

మళ్లీ తాగి వచ్చినవాళ్లను గ్రూపు ఎలా పలకరిస్తుందో గమనించండి. "వచ్చావు, మంచిపని చేశావు" అని కుర్చీ చూపించే గ్రూపునే నేను ఎంచుకున్నాను.

తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ వరుసగా పాటించమనే 12 మెట్లలో దేవుడి మాట వస్తుంది. "మనం అర్థం చేసుకున్న దేవుడు" అనే వెసులుబాటు ఉన్నా కొందరికి అది మింగుడుపడదు. అలాంటివాళ్లకు 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ నయం. అందులో మెట్లూ స్పాన్సర్లూ ఉండరు. శిక్షణ పొందినవాళ్లు నడిపిస్తారు, కోరిక ఎప్పుడు, ఎందుకు లేచిందో రాసుకోమంటారు, మధ్యలో చర్చించుకోనిస్తారు. ఆ రాసుకునే అలవాటు నాకు ఇప్పటికీ పనికొస్తోంది. కానీ కష్టకాలంలో ఫోన్ చేసేంత చనువు మాత్రం నాకు ఏఏలోనే కుదిరింది.

ఏఏ పనిచేస్తుందన్నది నా ఒక్కరి అనుభవమే కాదు. 2020లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను కలిపి చూసింది. తాగుడు సమస్య ఉన్నవాళ్లను ఏఏ మీటింగుల వైపు పద్ధతిగా నడిపించే చికిత్స, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఇతర చికిత్సలకంటే మెరుగ్గా ఉందని తేల్చింది.

అయితే మీటింగు వైద్యం కాదు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టర్‌ను కలవండి. ఒక గ్రూపులో ఒకరు, డిప్రెషన్ మాత్రలు కూడా మత్తే, మానేయమని కొత్త మనిషికి చెప్పడం విన్నాను. అది తప్పు. సభ్యులు డాక్టర్ల పని చేయకూడదని ఏఏ ప్రచురణలే చెబుతాయి.

తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అనే వేరే మీటింగులు ఉన్నాయి, 1951 నుంచి నడుస్తున్నాయి. మా ఇంట్లోవాళ్లు అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాక నా సీసాల కోసం వెతకడం మానేసి, కంటినిండా నిద్రపోయారు. తాగే మనిషి మీటింగుకి రానని మొండికేసినా సరే, వాళ్లు వెళ్లవచ్చు.