ఎలుక గుండె కొలవడానికి మైక్రో సీటీ: వాడినవాళ్ల మాట

హనుమకొండలోని మా ఫార్మసీ ల్యాబ్‌లో డాక్సోరూబిసిన్ (గుండెను దెబ్బతీయగల క్యాన్సర్ మందు) ఇచ్చిన ఎలుకల మీద పని చేస్తాం. జఠరికల (గుండె కింది గదుల) పనితనం ఎంత పడిపోయిందో చూడటానికి కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో ఒక మైక్రో సీటీని (చిన్న జంతువుల కోసం చేసిన సీటీ స్కానర్‌ని) స్లాట్ తీసుకుని వాడుతున్నాం.

కుడి జఠరిక మీద పని అయితే రెండో ఆలోచన వద్దు, ఇదే వాడండి. అది ఎడమదాన్ని నెలవంకలా చుట్టుకుని ఉంటుంది, ఆకారాన్ని ఊహించి లెక్కగట్టే ఎకో (గుండె అల్ట్రాసౌండ్) సూత్రాలకు లొంగదు. సీటీలో ఆకారం ఊహించే పనే లేదు, ఘనపరిమాణం నేరుగా వస్తుంది. నిండినప్పుడు 400 మైక్రోలీటర్లు, ముడుచుకున్నప్పుడు 160 ఉంటే ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ జఠరిక బయటికి నెట్టే రక్తం వాటా) 60 శాతం. ఎడమ జఠరిక ఒక్కటే చాలనుకుంటే ఎకోతో సరిపెట్టుకోండి, డబ్బులు మిగులుతాయి.

అసలు తిప్పలన్నీ మత్తు దగ్గరే. మెషీన్ బోలెడన్ని ఎక్స్‌రే చిత్రాలు తీసి, ఈసీజీని బట్టి ఏది ఏ దశదో విడగొడుతుంది. మధ్యలో గుండె వేగం మారితే దశలు కలగాపులగమై జఠరిక అంచు మసకబారుతుంది. మత్తు కోసం పీల్పించే ఐసోఫ్లూరేన్ కాస్త ఎక్కువైనా, ఒళ్లు చల్లబడినా గుండె నెమ్మదిస్తుంది. బ్రోషర్‌లో రిజల్యూషన్ గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, ఒంటిని 37 డిగ్రీల దగ్గర ఉంచే వార్మింగ్ ప్యాడ్ గురించి ఒక్క ముక్క ఉండదు. నన్నడిగితే ముందు ఆ ప్యాడ్ చూడండి.

కాంట్రాస్ట్ (స్కాన్‌లో రక్తం స్పష్టంగా కనబడటానికి ఎక్కించే మందు) ఇంకో తలనొప్పి. మనుషులకిచ్చే అయోడిన్ మందును ఎలుక కిడ్నీలు చాలా త్వరగా బయటికి పంపేస్తాయి. రక్తంలో గంటల తరబడి నిలిచే రకం కావాలి, దాని ధర వింటే మన గుండె ఆగుతుంది! తోకను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, నరం ఉబ్బాక సూది పెట్టాలి. చర్మం కింద బుడిపె లేచిందంటే మందు పక్కకు పోతున్నట్టే, వెంటనే ఆపేయండి.

ఎండాకాలంలో మాత్రం ఎలుకలను హైదరాబాద్ తీసుకెళ్లొద్దు. జనగామ దాటేసరికి కారు ఏసీ కూడా చేతులెత్తేస్తుంది. ఏ కాలమైనా ప్రయాణం బడలిక తీరేదాకా ఎలుకలను అక్కడే కొన్ని రోజులు ఉంచాలి, ఆ సంగతి ఎథిక్స్ కమిటీ అనుమతిలో ముందే రాయించుకోండి.

వారం వారం స్కాన్ చేద్దామని మా కుర్రాళ్లకు మహా సరదా. డాక్సోరూబిసిన్ ఎలాగూ ఎముక మజ్జను దెబ్బతీస్తుంది, దాని మీద రేడియేషన్ కూడా పడితే ఏది దేనివల్లో ఎవరు తేలుస్తారు? అందుకే మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి సీటీ, మధ్యలో అంతా ఎకోనే. మందివ్వని ఎలుకలకూ అదే లెక్కన స్కాన్ చేస్తాం.